అలిపిరి కొలతతో ఎవరెస్టు దారి: వీఆర్ వీడియోల్లో కొండలెక్కడం ఎలా

కళ్ళకు పెట్టుకుంటే చుట్టూ ఆ దృశ్యమే ఉన్నట్టు చూపించే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో ఎవరెస్టు వీడియో చూసినవారిలో చాలామంది ఆశ్చర్యపోయి, దాన్ని తీసి పక్కన పెట్టేస్తారు. మర్నాడు ఆ దారిలో ఏ ఊరి తరువాత ఏ ఊరు వచ్చిందో, ఎక్కడ నది దాటారో, ఎక్కడ ఎక్కుడు నిటారుగా మారిందో అడిగితే చెప్పలేరు. కొండదారిని దారిగా గుర్తుంచుకోవాలంటే చూడడంలో ఒక క్రమం ఉండాలి, పక్కన ఒక పటం ఉండాలి, అన్నిటికంటే ముందు మన కాళ్ళకు తెలిసిన కొలత ఒకటి ఉండాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారికి ఆ కొలత పుట్టుకతోనే దొరికినట్టు లెక్క. అలిపిరి నుంచి 3,550 మెట్లో, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లో ఒక్కసారైనా ఎక్కనివారు ఇక్కడ అరుదు. ఆ అనుభవాన్ని కొలబద్దగా పెట్టుకుని, తెలిసిన కొండ నుంచి తెలియని కొండకు వీఆర్ వీడియోల ద్వారా ఎలా వెళ్ళాలో ఈ వ్యాసంలో వరుసగా చూద్దాం.

పరికరం, వీడియో రకం

ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోన్‌తోనే మొదలుపెట్టవచ్చు. గూగుల్ 2014లో పరిచయం చేసిన అట్టపెట్టె కళ్ళజోడు అమ్మకాన్ని ఆ సంస్థ 2021లో ఆపేసినా, అదే పద్ధతిలో తయారైన ప్లాస్టిక్ పెట్టెలు కొన్ని వందల రూపాయలకు దొరుకుతున్నాయి. కొనేముందు మీ ఫోన్‌లో గైరోస్కోప్, అంటే ఫోన్ ఎటు తిరిగిందో పసిగట్టే భాగం, ఉందో లేదో పరీక్షించండి. చుట్టూ అన్ని దిక్కులూ చూపించే 360 డిగ్రీల వీడియో ఏదైనా తెరిచి, తెరను వేలితో తాకకుండా ఫోన్‌ను పక్కకు తిప్పినప్పుడు దృశ్యం కూడా తిరిగితే గైరోస్కోప్ ఉన్నట్టే. ఫోన్ అవసరం లేకుండా తనంతట తాను పనిచేసే హెడ్‌సెట్లలో మెటా సంస్థవారి క్వెస్ట్ 3 2023లోనూ, క్వెస్ట్ 3ఎస్ 2024లోనూ వచ్చాయి. వీటి దృశ్యం ఫోన్ పెట్టె కంటే ఎంతో మేలుగా ఉంటుంది కానీ, ధర వేల రూపాయల్లో ఉంటుంది కనుక, ముందు తెలిసినవారి హెడ్‌సెట్‌లోనో, వీఆర్ ఆటల కేంద్రంలోనో ఒకసారి పెట్టుకుని, మీ తలకూ కడుపుకూ అది సరిపడుతుందో లేదో చూసుకున్న తరువాతే డబ్బు ఖర్చు పెట్టమని నా సలహా.

వీడియోల విషయంలో రెండు తేడాలు తెలిసి ఉండాలి. మొదటిది స్పష్టత. 4కె వీడియో అంటే అడ్డంగా 3,840 చుక్కలు. మామూలు తెర మీద అవన్నీ మీ కంటి ముందే ఉంటాయి. 360 డిగ్రీల వీడియోలో ఆ చుక్కలు మీ చుట్టూ పరుచుకుని ఉంటాయి కాబట్టి, ఒకేసారి 90 డిగ్రీల మేర చూస్తున్నారనుకుంటే మీ వాటాకు వచ్చేవి 960 మాత్రమే. అందుకే 4కె అని రాసి ఉన్న వీడియో కూడా హెడ్‌సెట్‌లో మసకగా అనిపిస్తుంది. 8కె వీడియో దొరికితే అది తీసుకోండి, 5.7కె కంటే తక్కువదాన్ని కొండదారుల కోసం ఎంచుకోకండి. యాప్ తనంతట తానే స్పష్టతను తగ్గించేస్తుంది గనుక, అమరికల్లోకి వెళ్ళి అందుబాటులో ఉన్న అత్యధిక స్థాయిని మీరే ఎంచుకోవాలి. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో వచ్చే వీడియో పది నిమిషాలకు సుమారు ఒకటిన్నర జీబీ తినేస్తుంది. రోజువారీ డేటా ప్యాక్‌తో ఇది కుదిరే పని కాదు. ఇంటి వైఫైలో ముందే దింపుకుని పెట్టుకోవడం మంచిది.

రెండోది లోతు. కొన్ని వీడియోలు రెండు కళ్ళకూ ఒకే చిత్రాన్ని చూపిస్తాయి, కొన్ని ఒక్కో కంటికి ఒక్కో చిత్రం చూపించి నిజమైన లోతును కల్పిస్తాయి. రెండో రకాన్ని త్రీడీ 360 అనో, ముందువైపు సగం మాత్రమే ఉంటే వీఆర్180 అనో పిలుస్తారు. చాలామంది త్రీడీ అయితేనే చూడాలనుకుంటారు గానీ, కొండల విషయంలో ఆ నియమం అక్కర్లేదు. మన రెండు కళ్ళ మధ్య దూరం పెద్దల్లో సగటున 63 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, దూరాన ఉన్న శిఖరాన్ని నిజంగా చూసినా రెండు కళ్ళకూ కనిపించేది దాదాపు ఒకే చిత్రం. శిఖరాలు, లోయలు, దూరపు దారి చూడడానికి మామూలు 360 వీడియో చాలు. చేతికి అందేంత దగ్గరలో ఉన్న తాడు, నిచ్చెన, రాతి పట్టు చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం త్రీడీ కోసం వెతకండి.

కూర్చునే చోటు

తిరిగే కుర్చీ ఒకటి చాలు. నిలబడి చూడవద్దు. కొండ అంచు దృశ్యం వచ్చినప్పుడు శరీరం తెలియకుండానే వెనక్కి వాలుతుంది, వెనక ఏముందో మీకు కనిపించదు. చేతులు చాచితే మంచం, బీరువా, తలుపు తగలనంత ఖాళీ చూసుకోండి. మిద్దె మీద చల్లగా ఉంటుందని అక్కడ కూర్చుని చూసేవారున్నారు. పిట్టగోడ ఎంత ఎత్తు ఉన్నా ఆ పని చేయవద్దు. పైగా, హెడ్‌సెట్ లెన్సులపై ఎండ నేరుగా పడితే అవి వెలుగును ఒకచోటికి చేర్చి లోపలి తెరను కాల్చేస్తాయి. కిటికీ పక్కన, కారు డ్యాష్‌బోర్డు మీద, మిద్దె మీద దాన్ని వదిలేయకూడదనడానికి ఇదే కారణం.

మన ఎండాకాలం మరో చిక్కు తెస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఫోన్ పెట్టెలో వీడియో నడిపితే ఫోన్ వేడెక్కి, తెర వెలుగు తగ్గించేసి, ఒక్కోసారి ఆగిపోతుంది. చెమటకు లెన్సులు ఆవిరి పడతాయి. తెల్లవారుజామునో, రాత్రి భోజనానికి ముందో చూడండి, ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా కూర్చోండి. ఆ గాలి కడుపులో తిప్పడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది.

కడుపులో తిప్పడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే విరమించుకుంటారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు తిరుగుతున్నప్పుడు చెవి లోపలి సమతౌల్య భాగానికి కదలిక తెలుస్తుంది, ముందు సీటు వెనకభాగాన్ని చూస్తున్న కంటికి తెలియదు. వీఆర్‌లో ఇది తారుమారవుతుంది. కన్ను నడుస్తున్నానంటుంది, చెవి కూర్చున్నానంటుంది. రెండిటి సాక్ష్యం కలవకపోవడం వల్లే వికారం పుడుతుంది. తిరుమల బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిమ్మకాయ వాసన చూసే అలవాటు ఉన్నవారు ఇక్కడ కూడా జాగ్రత్తగా మొదలుపెట్టాలి. మొదటి కొన్ని రోజులు కెమెరాను ఒకచోట స్థిరంగా నిలబెట్టి తీసిన వీడియోలు మాత్రమే చూడండి. తరువాత నెమ్మదిగా నడుస్తూ తీసినవాటికి వెళ్ళండి. డ్రోన్, పారాగ్లైడింగ్, మంచు మీద జారుడు వీడియోలను చివరికి వదిలేయండి; అసలు చూడకపోయినా దారి తెలుసుకోవడానికి నష్టమేమీ లేదు. ఒక విడతకు పది నిమిషాలు చాలు. నోట్లో నీళ్ళూరినా, నుదుట చల్లని చెమట పట్టినా వెంటనే కళ్ళు మూసుకుని హెడ్‌సెట్ తీసేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందనేది తప్పు, ఓర్చుకున్న కొద్దీ మరుసటిసారి హెడ్‌సెట్ చూస్తేనే వికారం వస్తుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారు, తరచూ తల తిరిగేవారు వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు. పిల్లలకు తయారీదారులు వయోపరిమితి పెడతారు. మెటా హెడ్‌సెట్లకు పదేళ్ళ లోపు పిల్లలను అనుమతించరు.

ముందు తెలిసిన కొండ

ఇప్పుడు అసలు పని. ఎవరెస్టుకు వెళ్ళకండి, అలిపిరికి వెళ్ళండి. అలిపిరి నడకదారిని నడుస్తూ తీసిన వీడియో ఒకటి వెతికి పెట్టుకోండి. 360 డిగ్రీలది దొరక్కపోతే మామూలు వీడియో అయినా సరే, హెడ్‌సెట్‌లోని పెద్ద తెరపై చూడవచ్చు. మీరే తీయాలనుకుంటే తిరుమల తిరుపతి దేవస్థానం నియమాలు ముందుగా తెలుసుకోండి. తిరుమలలో డ్రోన్లు ఎగరేయడం నిషేధం, ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్ళనివ్వరు. చిరుతల సంచారం కారణంగా నడకదారిలో వేళల ఆంక్షలు కూడా ఉంటాయి.

వీడియో చూస్తున్నప్పుడు మీ కాళ్ళ జ్ఞాపకాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. పాదాల మండపం నుంచి గాలిగోపురం దాకా ఊపిరి తిరగనివ్వని ఎక్కుడు, ఆ తరువాత జింకల పార్కు మీదుగా చాలావరకు చదునైన నడక, అవ్వాచారి కోన దగ్గర రోడ్డు వెంట సాగే దారి, చివర్లో మోకాళ్ళమెట్టు. ఇవన్నీ మీకు తెలుసు. ఇప్పుడు వీడియోలో మోకాళ్ళమెట్టు చూడండి. అది నిజంగా ఉన్నంత నిటారుగా అనిపించిందా? సాధారణంగా అనిపించదు. కారణాలు మూడున్నాయి. కెమెరాను పొడవాటి కర్రకు బిగించి తల కంటే ఎత్తులో పట్టుకుంటారు కాబట్టి మెట్లను పైనుంచి చూసినట్టవుతుంది. ఊగిసలాటను సాఫ్ట్‌వేర్ సరిదిద్దేస్తుంది కాబట్టి అలసిన నడకలోని తూలుడు కనిపించదు. పైగా ఆగి కూర్చున్న సమయాన్ని కత్తిరించేస్తారు. మూడు, నాలుగు గంటల నడక ఇరవై నిమిషాలకు కుదించుకుపోతుంది.

ఈ తేడాను ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మీ కాళ్ళు చెప్పిన కష్టానికీ వీడియో చూపించిన కష్టానికీ మధ్య ఎంత దూరం ఉందో, ఏ చోట ఎక్కువ మోసపోయారో గుర్తించండి. అలిపిరి పాదం నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు అని కూడా రాసి పెట్టుకోండి. ముందు ముందు ఏ పర్వతం చూసినా ఈ అంకెకే తిరిగి వస్తాం. శ్రీవారి మెట్టు దారి ఎక్కినవారు దాన్నే కొలతగా తీసుకోవచ్చు. చిత్తూరు వైపు వారికి కొండ ఎక్కిన అనుభవం మరెక్కడిదైనా ఉంటే అదీ పనికొస్తుంది. చంద్రగిరి దుర్గం కొండ, తలకోన అడవిదారి లాంటివి ఈ పనికి బాగుంటాయి. కారులో హార్సిలీ హిల్స్ వెళ్ళొచ్చిన అనుభవం మాత్రం దీనికి సరిపోదు.

పటం, నోటుపుస్తకం, వీడియో ఎంపిక

తెలియని దారికి వెళ్ళేముందు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి ఆ లోయను పైనుంచి ఒకసారి చూడండి. నది ఎటు పారుతోంది, దారి నదికి ఏ ఒడ్డున ఉంది, శిఖరం ఏ దిక్కున ఉంది అన్నవి కాగితం మీద చేత్తో గీసుకోండి. గీత వంకరగా వచ్చినా ఫరవాలేదు, చేత్తో గీసిన పటం గుర్తుంటుంది. పక్కన నాలుగు గళ్ళు పెట్టండి: చోటు పేరు, సముద్రమట్టం నుంచి ఎత్తు, వీడియోలో అది వచ్చిన నిమిషం, అక్కడ మీకు తోచిన మాట.

వీడియోలను ఎంచుకునేటప్పుడు సంగీతం పెట్టినవాటిని పక్కన పెట్టమంటాను. ఇది రుచికి సంబంధించిన మాట కాదు. ఎత్తైన చోట నడిచేవారి ఊపిరి చప్పుడే అక్కడి గాలి ఎంత పలచగా ఉందో చెప్పే సాక్ష్యం. బూటు కింద మంచు చేసే శబ్దం అది గట్టిదో మెత్తదో చెబుతుంది. దాని మీద వేణువు వాయిస్తే ఆ సమాచారమంతా పోతుంది. కత్తిరింపులు తక్కువగా ఉన్నవి, చోటి పేరు, తేదీ చెప్పినవి ఎంచుకోండి. తేదీ ఎందుకంటే మంచు కొండలు ఏటేటా మారతాయి. ఎవరెస్టు మీది హిల్లరీ స్టెప్ అనే రాతిమెట్టు 2015 భూకంపం తరువాత మునుపటిలా లేదని ఎక్కివచ్చినవారు చెప్పారు. ఎక్కేటప్పుడు తీశారా, దిగేటప్పుడు తీశారా అన్నదీ గమనించండి. ఎక్కేటప్పుడు ఓపిక ఉండదు కాబట్టి కొందరు దిగేటప్పుడే తీస్తారు.

వీఆర్ అని పేరు పెట్టి ఉపగ్రహ చిత్రాలతో కంప్యూటర్‌లో తయారుచేసిన వీడియోలూ ఉంటాయి. వాటిలో మనుషులు కనిపించరు, మేఘం కదలదు, మంచు ధూళి లేవదు. దారి మొత్తం ఆకారం తెలుసుకోవడానికి అవీ ఉపయోగమే, నడక అనుభవానికి కావు.

రోజుకో మజిలీ

మొదటి పెద్ద దారిగా నేపాల్‌లోని ఎవరెస్టు బేస్ క్యాంపు (శిఖరం ఎక్కేవారు బయలుదేరే కింది శిబిరం) నడకను తీసుకోండి. దీనికి తాళ్ళు, గొడ్డళ్ళు అక్కర్లేదు, వీడియోలు విరివిగా దొరుకుతాయి, పైగా గూగుల్ 2015లో ఆ దారి సాగే ఖుంబు ప్రాంతపు ఊళ్ళను, దారులను స్ట్రీట్ వ్యూలో (గూగుల్ పటాల్లోని 360 డిగ్రీల చిత్రాల్లో) పెట్టింది కాబట్టి వీడియో పరుగెత్తిన చోట మీరు ఆగి నాలుగు దిక్కులూ చూసుకోవచ్చు.

మొత్తాన్ని ఒకే విడతలో చూడకండి. రోజుకో మజిలీ చూడండి. విమానం దిగే లుక్లా 2,860 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి దారి మొదట కిందికి దిగి 2,610 మీటర్ల ఫాక్‌డింగ్ చేరుతుంది, రెండోరోజు నది వెంట వెళ్ళి, ఎత్తైన వేలాడే వంతెన దాటి, 3,440 మీటర్ల నామ్చే బజారుకు ఎక్కుతుంది. ఆ వంతెన దగ్గర వీడియో ఆపండి, తల కిందికి వంచి చూడండి. సాధారణ 360 వీడియోలో తల తిప్పగలరు గానీ ముందుకు వంగలేరు. వంగితే లోకమంతా మీతో పాటే వంగుతుంది, అది వికారానికి దగ్గరి దారి. కనుక మెడ మాత్రమే కదపండి. ఎత్తులంటే భయం ఉన్నవారు ఇక్కడ ఒక నిమిషం చూసి తీసేసి, మర్నాడు రెండు నిమిషాలు చూడవచ్చు. ఇలా మెట్టుమెట్టుగా వీఆర్‌లో ఎత్తులకు అలవాటు చేసే చికిత్సపై అధ్యయనం 1995లోనే వెలువడింది. భయం తీవ్రంగా ఉన్నవారు మాత్రం సొంత వైద్యం చేసుకోకుండా నిపుణుల దగ్గరికి వెళ్ళాలి.

ఇప్పుడు అలిపిరి కొలతను బయటికి తీయండి. ఫాక్‌డింగ్ నుంచి నామ్చేకి ఎత్తు తేడా 830 మీటర్లు, అంటే అలిపిరి నుంచి తిరుమల ఎక్కి మరికొంత ఎక్కినట్టు. మీ కాళ్ళకు ఇది తెలిసిన పనే. తెలియనిది గాలి. నామ్చే దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే ఉంటుంది. 5,364 మీటర్ల బేస్ క్యాంపుకు చేరేసరికి అది సగానికి పడిపోతుంది. మోకాళ్ళమెట్టు దగ్గర మీరు ఎన్నిసార్లు ఆగారో గుర్తు చేసుకుని, ప్రతి ఊపిరిలో సగం ప్రాణవాయువే అందుతుంటే ఎన్నిసార్లు ఆగాల్సి వచ్చేదో ఆలోచించండి. వీడియో ఇవ్వలేని ఈ లెక్కను నోటుపుస్తకంలో మీరే వేసుకోవాలి.

ఈ కారణం వల్లే నిజంగా నడిచేవారు నామ్చేలో ఒకరోజు ఎక్కువ ఉంటారు, 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనే నియమం పాటిస్తారు. మీరూ మీ కుర్చీలో అదే నియమం పాటించండి. నామ్చే చూసిన మర్నాడు కొత్త వీడియో పెట్టకుండా, స్ట్రీట్ వ్యూలో ఆ ఊరి సందుల్లో తిరగండి. ఆ తరువాత బౌద్ధారామం ఉన్న తెంగ్‌బోచే, 4,410 మీటర్ల దింగ్‌బోచే, అక్కడ మళ్ళీ ఒకరోజు విరామం, తరువాత 4,940 మీటర్ల లోబుచే, 5,164 మీటర్ల గోరక్‌షెప్. నామ్చే తరువాత చెట్లు ఎప్పుడు తగ్గాయో, పొదలు ఎప్పుడు మాయమయ్యాయో, రాయీ మంచూ మాత్రమే ఎక్కడ మిగిలాయో కనిపెట్టడం ఈ మజిలీల్లో మీ పని. ఇలా చూస్తే అసలు నడకకు పట్టే పన్నెండు, పద్నాలుగు రోజుల్లో సగమైనా మీకూ పడుతుంది.

బేస్ క్యాంపు చేరాక ఒక పరీక్ష పెట్టుకోండి. శిఖరం ఎక్కడుందో వీడియోలో చూపించండి. చాలామంది ఎదురుగా నిలబడిన నూప్‌త్సే అనే పక్క శిఖరాన్ని చూపిస్తారు. నిజానికి బేస్ క్యాంపు నుంచి ఎవరెస్టు శిఖరం కనిపించదు, పక్కనున్న కాలా పత్తర్ గుట్ట ఎక్కితే కనిపిస్తుంది. చేత్తో గీసిన పటం ఉన్నవారికి ఇది ముందే తెలిసిపోతుంది.

బేస్ క్యాంపు పైన

ఇక్కడి నుంచి వీడియోలు తక్కువ, కష్టం ఎక్కువ. ఖుంబు హిమపాతం (ఐస్‌ఫాల్, అంటే పగుళ్ళతో కిందికి జారే హిమానీనదపు భాగం) దగ్గర మంచుదిమ్మలు నిత్యం కదులుతుంటాయి కనుక, ప్రతి ఏడాదీ షెర్పాల ప్రత్యేక బృందం నిచ్చెనలు, తాళ్ళు బిగించి కొత్తగా దారి వేస్తుంది. 2014 ఏప్రిల్ 18న ఇక్కడ విరిగిపడిన మంచు కింద 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. అగాధం మీద అల్యూమినియం నిచ్చెన దాటే దృశ్యం కోసమే త్రీడీ వీడియో వెతకమని ముందు చెప్పాను. కాలి కింది మెట్టుకూ దాని కిందనున్న లోతుకూ మధ్య తేడా అందులోనే తెలుస్తుంది. 360 కెమెరా వీడియోల్లో సరిగ్గా కిందికి చూస్తే కర్ర చెరిపేసిన మచ్చో, ఒక ముద్రో కనిపించడం మామూలు. ఆ చోట లోతు అబద్ధంగా ఉంటుంది. కొంచెం పక్కకు చూడండి.

ఆ పైన వెస్టర్న్ కూమ్ అనే మంచులోయ వస్తుంది. మూడు వైపులా ఉన్న మంచుగోడల మీద నుంచి ఎండ తిరిగి కొట్టడం వల్ల పగలు అక్కడ నడిచేవారు ఉక్కపోతతో బట్టలు విప్పుకుంటారు. ఇది వీడియోలో తెలియదు గానీ, తిరుపతి మే నెల తెలిసినవారికి ఊహకు అందుతుంది. తరువాత సుమారు 7,200 మీటర్ల దగ్గర పక్కనున్న ల్హోత్సే శిఖరపు నిటారు మంచువాలుపై మూడో శిబిరం, సుమారు 7,900 మీటర్ల దగ్గర రెండు శిఖరాల మధ్య పల్లమైన సౌత్ కోల్.

సౌత్ కోల్ నుంచి శిఖరానికి ప్రయాణం రాత్రి మొదలవుతుంది. హిమపాతం కూడా మంచు గడ్డకట్టి ఉండే తెల్లవారుజాము చీకట్లోనే దాటుతారు. అంటే ఎక్కేవారు ఎక్కువసేపు చూసేది నెత్తిమీద దీపం పడినంత మేర ఉన్న మంచును మాత్రమే. చీకట్లో కెమెరాకు ఏమీ పడదు కాబట్టి వీడియోల్లో కనిపించేది పగటి దృశ్యం. ఆ వెలుగును చూసి దారి సుగమమనుకోకండి. ఒక చిన్న పని చేయండి: ఈ భాగం చూసేటప్పుడు దూరం చూడకుండా, ముందున్న తాడునూ ముందు మనిషి బూట్లనూ మాత్రమే పది నిమిషాలు చూడండి. విసుగు పుడుతుంది, ఆ విసుగు కూడా దారిలో భాగమే. 8,848.86 మీటర్ల శిఖరం మీద గాలి ఒత్తిడి తీరంలో ఉండేదాంట్లో మూడోవంతు.

దక్షిణపు దారి పూర్తయ్యాక టిబెట్ వైపు ఉత్తరపు దారి చూడండి. తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది అటునుంచే. పూర్ణ ఊరు పాకాల. మన పాకాల జంక్షన్ కాదు, నిజామాబాద్ జిల్లా పాకాల. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ దారిలో సెకండ్ స్టెప్ అనే రాతిగోడకు చైనా బృందం 1975లో నిచ్చెన బిగించింది. రెండు దారులనూ ఒకే పటంలో గీస్తే ఒకే శిఖరానికి రెండు వైపుల నుంచి చేరడంలోని తేడా అర్థమవుతుంది.

మరికొన్ని దారులు

జాబితా పెట్టుకుని చూసేవారికి మన పక్కనే ఒక వరుస ఉంది. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. జనవరిలో అంటార్కిటికాలోని విన్సన్, తరువాత అకంకాగువా, కిలిమంజారో, కొసియుస్కో, ఎవరెస్టు, ఎల్‌బ్రస్, జులైలో దేనాలి. ఆయన ఎక్కిన వరుసలోనే నెలకో శిఖరం పెట్టుకుంటే ఏ నెలలో ఏ ఖండంలో కొండెక్కడానికి అనువైన కాలమో కూడా తెలిసిపోతుంది.

మంచు లేని నిలువు రాతిని చూడాలంటే కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్ అనే రాతికొండ ఉంది. దాని మీద నోస్ అనే దారిని 1958లో మొదటిసారి ఎక్కారు. 2015లో రాతిగోడలెక్కడంలో పేరున్న లిన్ హిల్, టామీ కాల్డ్‌వెల్, అలెక్స్ హానల్డ్‌ల సాయంతో గూగుల్ ఆ గోడ పొడవునా స్ట్రీట్ వ్యూ చిత్రాలు తీసింది. ఎత్తు సుమారు 900 మీటర్లు, అంటే అలిపిరి కొలతకు కొంచెం ఎక్కువ. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ ఎత్తంతా గోడలా నిలువుగా ఉంది, మామూలుగా ఎక్కేవారు గోడకు వేలాడే పడకల మీద రాత్రులు గడుపుతూ కొన్ని రోజులు తీసుకుంటారు. ఇవి కదలని చిత్రాలు కాబట్టి వికారం భయం ఉన్నవారికి ఇదే అనువైన ఎక్కుడు.

ఇంట్లో పెద్దలకు చూపించేటప్పుడు

మోకాళ్ళ నొప్పులతో మెట్లదారి మానేసిన అవ్వాతాతలు ఇంట్లో ఉంటే, వారికి హిమాలయాలకంటే ముందు అలిపిరి వీడియోనే పెట్టండి. తెలిసిన దారి కనుక ఎక్కడ ఏముందో వారే చెబుతారు, భయపడరు. చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి, తిరిగే కుర్చీ వద్దు. కళ్ళజోడు పెట్టుకునేవారైతే హెడ్‌సెట్‌తో వచ్చే, కళ్ళజోడుకు చోటిచ్చే పట్టీ బిగించండి, లేకపోతే రెండు అద్దాలూ ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయి. కంటిపాపల మధ్య దూరాన్ని సరిచేసే అమరిక ఉంటే అక్షరాలు స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి. వారు చూస్తున్నదే మీకూ కనిపించేలా టీవీకో, ఫోన్‌కో కలిపి, పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి ఉంచండి. ఐదు నిమిషాలకు మించవద్దు.

ఒకరి తరువాత ఒకరు వాడేటప్పుడు ముఖానికి ఆనే మెత్తను తుడవండి, లెన్సులను కళ్ళజోడు తుడిచే పొడిగుడ్డతో మాత్రమే తుడవండి. ఊళ్ళో కండ్లకలక తిరుగుతున్న రోజుల్లో హెడ్‌సెట్‌ను ఎవరితోనూ పంచుకోకండి. చూడడం పూర్తయ్యాక కనీసం పావుగంట కూర్చోనివ్వండి. అంతవరకు మెట్లు దిగడం, స్కూటరు తీయడం వద్దు, ఆ నియమం పెద్దలతో పాటు మీకూ వర్తిస్తుంది.